ఎడమ చెప్పు మడమ

చెప్పులు కుట్టేవాడు రోజూ పొద్దున్నే కొట్టు తెరిచి, దారానికి మైనం పట్టించి, తలొంచుకుని పనిలో పడిపోయేవాడు. వచ్చినవాళ్ళ మొహాలు చూసే అలవాటు లేదు. ఊరందర్నీ అరుగుదలని బట్టే గుర్తుపెట్టుకున్నాడు. పిండిమర ఆయనకి కుడి మడమ, బడి పంతులికి ఎడమ బొటనవేలి కింద.

ఆ ఊరి పెద్ద రోడ్డుకి ఒక గుణం ఉంది. నడిచిపోయేవాళ్ళని అది పట్టించుకోదు. పాలు పొంగేంతసేపు కదలకుండా నిలబడితే మాత్రం ఆ అడుగు తారులో ముద్రపడి ఉండిపోతుంది. వానకీ చెరగదు. దాని మీద ఇంకొకరు అంతసేపూ నిలబడితే పాతది పోయి వాళ్ళది పడుతుంది. ట్రాఫిక్ పోలీసులు చెక్కపీట వేసుకుని నిలబడేది అందుకే. ఇందులో వింతేముంది, రోడ్డన్నాక ఏదో ఒక గుణం ఉంటుంది.

కుళాయిలు ఎండిపోయి ఆడవాళ్ళు రోడ్డుకి బిందెలు అడ్డం పెట్టి నిలబడినప్పుడల్లా హెడ్ కానిస్టేబుల్ ఆ ముద్రల్ని కాగితం మీదికి దించుకునేవాడు. బూట్లకి మేకులు కొట్టించుకునే వంకతో కొట్టుకొచ్చి చూపించేవాడు. ఫలానావాళ్ళదని ఇతను చెప్పేవాడు. ఏదో చిన్న జరిమానా, కట్టేసి నవ్వుకుంటూ పోయేవాళ్ళు. పోయిన నెల చట్టం మారింది. రోడ్డుకి అడ్డం నిలబడితే ఇప్పుడు ఐదేళ్ళు జైలు. ఆ కబురు చెవిన పడకముందే దర్జీ ఆవిడ ముద్రని ఇతను అలవాటు కొద్దీ చెప్పేశాడు. మర్నాడే ఆవిణ్ణి తీసుకుపోయారు. మిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే ఉండిపోయింది.

అప్పట్నుంచి ఊళ్ళో ఎవరి నీడని వాళ్ళే నమ్మడం మానేశారు. పాలవాడు చెప్పాడని కొందరు, పిండిమర ఆయనని కొందరు. ఇతని ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే బావుండునని కూడా అనిపించేది, అన్నం సయించేది కాదు.

ఇంట్లోనూ అదే వరస. భార్య మధ్యాహ్నాలు బయటికి పోయి ఎప్పటికో వచ్చేది.

"ఎక్కడికెళ్ళావ్?"

"నీళ్ళకి."

"బిందె ఖాళీగా ఉందే?"

"కుళాయిలో ఉంటేగా నిండడానికి. అది సరే గానీ, ఆ హెడ్డు బూట్లు నెలకి ఎన్నిసార్లు అరుగుతాయయ్యా?"

అతను కంచం ముందుకి లాక్కున్నాడు. ఆమె ఏదో దాస్తోందని అతనికి, అతనేదో దాస్తున్నాడని ఆమెకి. ఇద్దరూ ఒకే గిన్నెలోది వడ్డించుకుని అటొకరూ ఇటొకరూ తిరిగి తిన్నారు.

మంగళవారం హెడ్డు కొత్త కాగితం పరిచాడు. ఎడమ మడమకి వంకర అతుకు. పాత సైకిల్ టైరు ముక్క కోసి తను వేసిందే. రోజూ తన ఇంటి గుమ్మంలో కనిపించే చెప్పే.

"ఎవరిదోయ్?"

"కాగితం మీద తేలట్లేదు సార్. అసలు ముద్ర చూడాలి."

"రేపు పదింటికి రోడ్డు మీదికి రా. దాచావంటే నీకూ ఐదేళ్ళే."

"నాకు కుట్టడమే వచ్చు సార్, దాచడం రాదు."

మర్నాడు హెడ్డు లారీలు ఆపించాడు. కూర్చుంటే తప్ప తన కంటికి ఏదీ ఆనదన్నాడు ఇతను. ముప్పై ఏళ్ళుగా కూర్చునే చూశాడు మరి. హెడ్డు విసుక్కుంటూ తన పీటే ఇచ్చాడు. ఇతను కాళ్ళు పైకి మడిచి కూర్చున్నాడు. హెడ్డు చెయ్యెత్తి లారీల వైపు తిరిగి నిలబడ్డాడు. ముందు లారీవాడు హారన్ కొడుతూ జానెడు జానెడు జరుపుతున్నాడు.

"వెనక్కి రండి సార్, మీదికొచ్చేలా ఉన్నాడు."

హెడ్డు ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఇంకొంచెం."

ఆ అడుగు సరిగ్గా ముద్రలో పడింది. ఇక ఇతను నోరెత్తలేదు. కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కళ్ళద్దాలు తుడిచాడు. మనసులో మాత్రం పొయ్యి మీద పాలు పెట్టుకుని కూర్చున్నాడు.

"తేలిందా లేదా?" అంటూ హెడ్డు పక్కకి జరిగాడు.

"తేలింది సార్."

తారులో పోలీసు బూటు, మడమకి మూడు మేకులు. మొన్న తను కొట్టినవే. హెడ్డు మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనక లారీలు బారులు తీరి ఉన్నాయి.

"అడ్డం నిలబడితే ఐదేళ్ళు కదండీ," అన్నాడు ఇతను నెమ్మదిగా. "ఈ బూటెవరిదో చెప్పమంటారా?"

"నీకేం కావాలోయ్?"

"దర్జీ ఆవిడ ముద్ర గుర్తుపట్టింది నేనేననీ, పొరపడ్డాననీ రాయించండి. వేలిముద్ర వేస్తాను. ఆవిడ ఇంటికొచ్చేదాకా మీ పీట ఈ ముద్ర మీదే ఉంటుంది. నేనేమీ చూళ్ళేదు."

ఐదోరోజున దర్జీ ఆవిడ తిరిగొచ్చింది. అతను వేలిముద్ర వేసిన కాగితాన్ని మొదట ఆవిడకే చదివి వినిపించారట, ఆవిడ ద్వారా ఊరికీ తెలిసింది. ఆవిడ తెగిన చెప్పులు చేత్తో పట్టుకుని కొట్టు ముందు నుంచే పోయింది. ఒకసారి అతని వైపు చూసింది, ఆగలేదు. వట్టికాళ్ళతోనే వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఒక్క జత రాలేదు. అతను మైనం పట్టించిన దారాన్నే మళ్ళీ మళ్ళీ పట్టించాడు. శనివారం ఇక ఆపుకోలేక, కొట్టులో ఒక్కడే కూర్చుని ఏడ్చాడు.

ఎదుట ఎవరో నిలబడ్డారు. అలవాటుగా కాళ్ళకేసి చూశాడు. ఒక కాలికే చెప్పుంది. రెండోది అతని ముందు పెట్టింది భార్య. ఎడమది.

"ఈ అతుకు పీకేసి ఇంకోటి వెయ్యి," అంది పక్కనే చతికిలబడుతూ. "ఈసారి నీక్కూడా గుర్తుపట్టరాకుండా కుట్టు."