కవరు మీది పేరు

పాయింట్ ఫైవ్ మొన కాకుండా పాయింట్ సెవెన్ తెచ్చి ఉంటే ఈపాటికి ఒత్తులన్నీ ముద్దలైపోయేవి, అన్నయ్యకి ఆ తేడా ఎప్పుడు తెలిసింది గనక, నల్లదా నీలమా అమ్మాయ్ అని మాత్రం పెన్నుల షాపులోంచి ఫోన్ చేసి అడిగాడు, అడిగాడు కదా, అదే చాలు అనుకుంటూ అనసూయ కొత్త జెల్ పెన్ను మొన మీది మైనపు బొట్టుని గోటితో గీకి, పాత క్యాలెండర్ కాగితం వెనక సున్నాలు చుట్టింది, మొదటి రెండూ ఉత్త గీతలే, గీరుకున్న చప్పుడు తప్ప సిరా లేదు, మూడో సున్నా సగంలో తడి తగిలింది, సన్నటి నల్లటి తడి, అది చూస్తే ఆమెకి ఇప్పటికీ ఇష్టం, బాల్ పెన్నుని అదిమి రాయాలి, దీన్ని ఊరికే ఆనిస్తే చాలు, అదిమితే అలుగుతుంది, మొన కిందికి పడిందా ఇక అంతే, ఎంత విదిలించినా రాయదు, పదిహేడేళ్లుగా గుడివాడలో స్కూలు ఆఫీసులో కూర్చుని టీసీలూ స్టడీ సర్టిఫికెట్లూ రాస్తున్న చెయ్యి ఆమెది, ఎన్ని పెన్నులు ఈ చేతిలో ఖాళీ అయ్యాయో లెక్క లేదు, రీఫిల్లులో సిరా రోజుకింత దిగిపోవడం బయటికి కనిపిస్తూనే ఉంటుంది, అయినా అయిపోయిన రోజు మాత్రం, అరె, నిన్ననే కదా వేశాను అనిపిస్తుంది, ప్రతిసారీ అంతే.

అడుగుతారా అడగరా అని పదిహేను రోజులు, ఎవరికీ చెప్పుకోలేదు గానీ నిజం అదే, నందివాడలో అన్నయ్య మల్లికార్జునరావు కూతురు లహరికి పెళ్లి కుదిరిందని తెలిసిన రోజు నుంచీ మనసులో అదే గొడవ, ఈ కుటుంబంలో ఎవరింట్లో ఏ శుభకార్యమైనా కవర్ల మీద పేర్లు అనసూయే రాయాలి, అనసూయ రాస్తే అచ్చేసినట్టుంటుందే అని అందరూ అంటారు, కానీ కిందటేడు ఆషాఢంలో భర్త శ్యాంబాబు పోయాడు, బ్యాంకుకి వెళ్లొస్తానని గుమ్మం దాటిన మనిషి మెట్ల మీదే కూలబడ్డాడు, ఆ తర్వాత జరిగిన రెండు పెళ్లిళ్లకి ఎవరూ రాయమనలేదు, ఒకరేమో స్టిక్కర్లు ప్రింట్ చేయించామన్నారు, ఇంకొకరు ఏమీ అనలేదు, ఏమీ అనని వాళ్ల మీద ఏం అనుకోవాలో తెలియక ఆమె కూడా ఏమీ అనుకోలేదు, కానీ అన్నయ్య అలా కాదు, లహరి అలా కాదు, చిన్నప్పుడు దాని పలక మీద అ ఆలు దిద్దించింది తనే, అదే అడగకపోతే ఇక తను ఆ ఇంటికి ఏమవుతుంది, బంధువా, చుట్టపుచూపుగా వచ్చి వరసలో కూర్చుని భోంచేసి అక్షింతలు దూరం నుంచి వేసి వెళ్లే మనిషా, అంత మాట అనుకునే ధైర్యం చాలక రోజూ స్కూలు నుంచి రాగానే ఫోన్ తీసి చూసుకునేది, సిగ్గుగా ఉండేది, నలభై నాలుగేళ్లొచ్చి కవర్లు రాయమని అడుగుతారా అని ఎదురుచూడటం ఏమిటని.

ఆదివారం పొద్దున, పెన్ను కోసం ఫోన్ చేసిన గంటకే, స్కూటరు ముందు రెండు సంచులు పెట్టుకుని అన్నయ్య రానే వచ్చాడు, ఆమె గుండెల్లో ఏదో బరువు దిగిపోయింది, సంచులు గచ్చు మీద పెట్టి, చెమట తుడుచుకుని, తల ఎత్తి ఫ్యాన్ వంక చూస్తూ, పసుపూ అదీ మీ వదిన పెట్టేసిందమ్మాయ్, నువ్వు పేర్లు రాస్తే చాలు అన్నాడు, ఫ్యాన్‌తో చెప్పినట్టే చెప్పాడు, ఆమెకి అర్థమైంది, ఆయనకి అర్థమైందనీ అర్థమైంది, సరే అన్నయ్యా, కాఫీ తాగుతావా అంది, తాగాడు, పంచదార తక్కువైనా అడగకుండా తాగి, పది కవర్లు ఎక్కువే పెట్టాను తప్పుపోతే ఉంటాయి అని, వదిన రాసిన లిస్టు చేతికిచ్చి వెళ్లిపోయాడు, తప్పుపోవడమా, ఏనాడైనా తప్పు పోయిందా తనకి, ఎక్కువ పెట్టిన కవర్లన్నీ ప్రతిసారీ అలాగే తిరిగి ఇచ్చేది.

ముందు పసుపు పెట్టి తర్వాత పేరు రాయడమేమిటి, తెలిసినవాళ్లెవరైనా అలా చేస్తారా, నాలుగు మూలలా పసుపు ఇంకా పచ్చిగానే ఉంది, వదిన పొద్దున్నే పెట్టి అలాగే దొంతర పేర్చినట్టుంది, ఒక కవరు పసుపు ఇంకో కవరు వీపుకి అంటింది, శ్రీ అని మొదలుపెట్టగానే గుడిదీర్ఘం చివర ఆ చెమ్మలోకి పాకి బూజులా విచ్చుకుంది, జెల్ సిరాకి చెమ్మ తగిలితే ఆగదు కదా, ముందు పేరు రాయాలి, ఆరనివ్వాలి, ఆరాకే పసుపు, ఇరవై ఏళ్లు అలాగే చేశారు తనూ శ్యాంబాబూ, ఇదే గచ్చు మీద చాప పరుచుకుని ఎదురెదురుగా కూర్చునేవాళ్లు, తను రాసి ఇస్తే ఆయన ఒక్కొక్కటీ పెదాల దగ్గరికి తీసుకుని ఊదేవాడు, వేడి పాలు చల్లార్చినట్టు, ఆరిందనుకున్నాక ఉంగరపు వేలితో మూలకి పసుపు అద్దేవాడు, నువ్వు శ్రీ చుట్టేలోపల అక్కడ పెళ్లే అయిపోతుందే అనేవాడు, ఒకసారి బొటనవేలు పెట్టి ఎవరో డాక్టరుగారి పేరంతా చెరిపేసి, ఆ వేలు దాచుకుని, దొరికిపోయి, ఎంత నవ్వారో ఇద్దరూ, ఇప్పుడు ఎదురుగా ఎవరూ లేరు, ఊదే నోరు లేదు, ఫ్యాన్ గాలికి ఆరతాయిలే అని కవర్లు చాప మీద వరసగా పరిచింది, అరచేతి చెమటకి అక్షరాలు అలుక్కుపోకుండా మణికట్టు కింద జేబురుమాలు మడిచి పెట్టుకుంది, పసుపు మూలకి అంగుళం ఎడంగా రాయడం మొదలుపెట్టింది, పేరు కవరుకి మధ్యలోకి జరిగింది, ఇదీ బాగానే ఉందనుకుంది, కళ్లు తుడుచుకుంది.

వదిన లిస్టు ఊళ్ల వారీగా ఉంది, నందివాడ అయింది, బందరు అయింది, అవనిగడ్డ అయింది, చెయ్యి దారిన పడితే ఇక ఆలోచన ఉండదు, కన్ను లిస్టు మీద, మొన కవరు మీద, గుడివాడలో ఎనిమిది పేర్లయ్యాయి, తొమ్మిదోది చి. వరుణ్, కుటుంబ సభ్యులు అని ఉంది, చి రాసి చుక్క పెట్టి వ కూడా రాసింది, ఏ వరుణ్ అబ్బా అనుకుంది, అప్పుడు ఆగింది పెన్ను, ఆగిన చోటే ఉండిపోయింది, జెల్ పెన్ను ఆగితే ఊరుకోదు, ఆ మొన కింద చుక్క ఊరి, ఆవగింజంతై, పెసరగింజంతై, వ కడుపంతా నిండిపోయింది, వరుణ్ అంటే తన కొడుకు, పదిహేనేళ్ల వాడు, విజయవాడ హాస్టల్లో ఇంటర్ చదువుతున్నాడు, చొక్కా కాలరు ఉతుక్కోవడం ఇంకా చేతకాదు, ఈ ఇంటికి వచ్చే శుభలేఖ వాడి పేరున వస్తుంది, కుటుంబ సభ్యులు అంటే తను, మరి అంతకుముందు మాత్రం శ్రీ శ్యాంబాబు గారు, కుటుంబ సభ్యులు, అప్పుడూ తను ఆ రెండో మాటలోనే ఉంది, కానీ అప్పుడు ఆ మాటలో ఇరుకు తెలియలేదు, పక్కన ఆయన ఉన్నాడు గనక తెలియలేదు.

వదిన మీద కోపం ముంచుకొచ్చింది, కావాలని నా చేత్తోనే రాయించిన పని కాదా ఇది, నాతోనే నన్ను తీయించడం కాదా, పసుపు ముట్టుకోవద్దన్నారు, సరే, ఇప్పుడు పేరు కూడానా, ఫోన్ తీసుకుంది, వదిన నంబరు దాకా వెళ్లింది, ఏమని అడగాలి, నా పేరెందుకు రాయలేదు వదినా అనా, అప్పుడు వదిన ఏమంటుంది, నువ్వే కదా చెప్పావు అంటుంది, అవును, అంటుంది, లహరి ఓణీల ఫంక్షన్‌కి, పదకొండేళ్ల కిందట, ఇలాగే లిస్టు రాస్తూ వదిన అడిగింది, గుడ్లవల్లేరు బాబాయిగారు పోయారు కదా, వాళ్లింటికి ఎవరి పేరు రాయాలి అని, తను పెన్ను ఎత్తకుండానే, కొడుకు పేరు రాస్తే సరిపోద్ది వదినా, అంతటా అంతే అంది, ఆ మాట అన్న గొంతు ఇప్పుడు వినిపిస్తోంది, ఎంత తెలిసినట్టు అందో, ఎంత తేలిగ్గా అందో.

ఆ గుడ్లవల్లేరు బాబాయి శేషగిరిరావు అంటే నాన్నకి పెదనాన్న కొడుకు, పోయేనాటికి ఆయన కొడుకు సుబ్బారావు ఆరో తరగతి, తను ఆ వేళ చి. సుబ్బారావు గారికి అని రాసింది, ఆ పేరులో తిప్పలు పెట్టే ర వత్తూ లేదు, తలకట్టు తేడా లేదు, చూడముచ్చటగా వచ్చిందని ఒకసారి ఎత్తి పట్టుకుని చూసుకుంది కూడా, ఓణీల రోజు పిన్ని ఆ కవరు చేత్తో పట్టుకునే వచ్చింది, లేత రంగు చీర, చేతికి వాచీ ఒక్కటే, పక్కన నిక్కరులో సుబ్బారావు, మావాడి పేరు ఎంత బాగా రాశావో అనసూయా, ఆరో తరగతికే గారు అయిపోయాడు అని నవ్వింది, తనూ నవ్వింది, మెచ్చుకుందనుకుంది, ఆ రాత్రి శ్యాంబాబుకి చెప్పుకుంది కూడా, పిన్ని నా చేతిరాతని మెచ్చుకుందండీ అని, ఆయన, పిన్ని బాగుందా అని అడిగాడు, బాగుందండీ అంది, అంతకుమించి ఆవిడ గురించి తను చూసిందేమీ లేదు, చెప్పడానికి.

పాడైన కవరుని పక్కన పెట్టి కొత్తది తీసుకుంది, ఇన్నేళ్లలో ఇవాళే అవసరపడ్డాయి అన్నయ్య ఎక్కువ పెట్టిన కవర్లు, శ్రీమతి అని రాసింది, అనసూయ అని రాసింది, నానమ్మ పేరు, నానమ్మ పోయిన ఏడాదే తను పుట్టిందని పెట్టారు, స్కూల్లో వేల మంది పిల్లల పేర్లు రాసింది గానీ శుభలేఖ మీద ఈ పేరు రాయడం ఇదే మొదలు, గారికి అని రాయడానికి సిగ్గేసింది, తనకి తనే గారు ఏమిటని, అయినా రాసింది, ఎవరికైనా అలాగే కదా రాస్తుంది, మామూలు కంటే అక్షరాలు కాస్త పెద్దవయ్యాయి, అవనీ, ఆరేదాకా చేత్తో పట్టుకుని కూర్చుంది.

తర్వాతి ఊరు గుడ్లవల్లేరు, మొదటి పేరే సుబ్బారావు, ఇంజనీరింగు పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాడట, కొత్త కవరు మీద మళ్లీ శ్రీమతి అని రాసి, పక్కన చోటు వదిలి, పెన్ను గాల్లో పట్టుకుంది, శ్రీమతి ఏమిటి, పిన్ని పేరేమిటి, గుర్తొస్తుందిలే అనుకుంది, పిన్నీ అని పిలిచింది, గుడ్లవల్లేరు పిన్ని అని చెప్పుకుంది, సుబ్బారావు వాళ్లమ్మ అనుకుంది, బాబాయిగారి భార్య అని శ్యాంబాబుకి పరిచయం చేసింది, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎరిగిన మనిషి, చిన్నప్పుడు జడ వేసి కనకాంబరాలు పెట్టిన మనిషి, పేరు తెలియదు, అవనిగడ్డ అత్తయ్య టీచరు కాబట్టి మాణిక్యమ్మ అని తెలుసు, మరి బందరు దొడ్డమ్మ పేరు, ఇందాక కొడుకు పేరు మీద రాసి ఆరబెట్టేసింది, ఆవిడ పేరూ తెలియదు, అన్నయ్యకి ఫోన్ చేసింది, పిన్ని పేరా, పిన్నే కదమ్మాయ్, సుబ్బారావు అని రాసెయ్యరాదా అన్నాడు, కాదన్నయ్యా పేరు కావాలి అంది, అటు వదినని అడగడం వినిపించింది, వదిన ఫోన్ తీసుకుని, నాకూ తెలీదు అనసూయా అంది, ఆ గొంతులో తప్పు చేసిన బెదురు ఉంది, వదిన మీద కోపం ఎటు పోయిందో అనసూయకి తెలియలేదు.

పిన్నికే చేసింది, అటునుంచి బిందె నిండుతున్న చప్పుడు, ఏమ్మా, వరుణ్ బాగా చదువుతున్నాడా అని పిన్ని గొంతు, ఆఁ పిన్నీ, మీ పేరు కావాలి అని గబగబా అడిగేసింది, నీళ్ల చప్పుడు ఆగింది, పిన్ని కొళాయి కట్టేసినట్టుంది, నా పేరెందుకమ్మా, ఆఫీసోళ్లెవరైనా అడిగారా, ఏదైనా కాయితానికా అంది, కాదు పిన్నీ, లహరి శుభలేఖ మీద రాయడానికి అంది, సుబ్బారావు అనే రాసేదానివిగా ఎప్పుడూ అంది పిన్ని, ఆ మాటలో నిష్ఠూరం ఉంటే బాగుండేది, లేదు, రోజూ పొద్దున్నే తూర్పున తెల్లవారుతుందిగా అన్నట్టు అంది, అనసూయ, మీ పేరు చెప్పండి పిన్నీ అని మళ్లీ అడిగింది, భ్రమరాంబ అంది పిన్ని, ఎంత చిన్నగా అందంటే మొదటిసారి సరిగ్గా వినపడలేదు, ఇంకోసారి అడిగితే, భ్రమరాంబ అమ్మా, మా నాన్న శ్రీశైలం వెళ్లొచ్చి పెట్టాడు అని ఈసారి గట్టిగా చెప్పింది, రాస్తున్నావా అని అడిగింది, రాస్తున్నాను పిన్నీ అంది అనసూయ, రాసింది, భ కింద ర వత్తుని నెమ్మదిగా చుట్టింది, ఇన్నేళ్లలో ఎవరినీ ఒక్క మాట అనలేదు తను, ఎవరి మనసూ నొప్పించాలనుకోలేదు, అక్షరం వంకర పోకుండా, సిరా అలుక్కోకుండా, అందరూ మెచ్చుకునేలా రాసింది, అలా రాస్తూనే ఒక మనిషిని పదకొండేళ్లు ఆ ఇంట్లో లేనట్టు చేసింది, దానికి కోపం అక్కర్లేకపోయింది, పగ అక్కర్లేకపోయింది, ఈ చక్కటి చేతిరాత సరిపోయింది.