నది నమ్మిన సీసా

అన్యాయం జరిగింది నదికి. జరిగింది ఫిబ్రవరి మూడున, సోమవారం నాడు. ఆ పొద్దున సబ్బుల కంపెనీ మూడో అంతస్తులో ఒక ఆడమనిషి, గిన్నెలు తోమే కొత్త ద్రవం సీసాకి అంటించబోయే లేబులు చూసి, "నదికి నేస్తం" అన్న రెండు మాటల కింద సంతకం పెట్టింది. పైగా ఆ మాటలు తనకే తట్టాయని కాస్త గర్వం కూడా. పక్కనున్న టీ చల్లారకముందే పని అయిపోయింది.

ఆవిడ ఉద్యోగమే అది. సీసా మీద ఏం రాయాలో తేల్చడం, రాసినదానికి పూచీ పడటం. లేబులు అడుగున చీమంత అక్షరాల్లో ఒకరి పేరు ఉండాలన్నది చట్టం. ఆ పేరు ఈవిడది. పొద్దున్నే బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో సీసాలు. ఇంట్లో ఈవిడా, అత్తగారూ ఇద్దరే. మధ్యలో ఉండాల్సిన మనిషి, ఒకరికి కొడుకు, ఒకరికి మొగుడు, ఏనాడో గుండె ఆగి పోయాడు. అత్తగారి పింఛను ఆవిడ మందులకే సరి. ఇల్లు నడిచేది కోడలి జీతంతోనే.

అత్తగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైంది. ఆవిడ బతుకంతా లేబుళ్ళలో తప్పులు పట్టింది. కోడలు ఆ తప్పులు పట్టుబడకుండా రాసి బతుకుతోంది. వంటగది మాత్రం ఒక్కటే.

శనివారాలు ఇద్దరూ కలిసి బజారుకి వెళ్ళేవాళ్ళు. కొట్టతను అత్తగారిని చూడగానే సగం సరుకు లోపలికి సర్దేసేవాడు. మార్చిలో ఒక శనివారం కొత్త సీసాలు మాత్రం ఎదురుగానే ఉన్నాయి, ఆకుపచ్చ మూత, ఆకుపచ్చ ఆకు, అన్నీ ఆకుపచ్చే. అత్తగారు ఒకటి తీసి వెనక్కి తిప్పింది. ముందు వైపు ఆవిడ ఎప్పుడూ చూడదు.

"ఫాస్ఫేట్ లేదట."

"లేదు అత్తయ్యా. నిజంగానే లేదు."

"ఎవరి సబ్బులో ఉందని? వద్దని చట్టం వచ్చి ఎనిమిదేళ్ళయింది. నేనూ ఇంతవరకూ ఎవర్నీ చంపలేదమ్మాయ్, నాకూ ఒక ఆకు బొమ్మ వేయించు."

కొట్టతను అటు తిరిగి అల్మరా తుడవడం మొదలుపెట్టాడు.

"నలభై శాతం తక్కువ నురగ. దేనికంటే తక్కువ?"

"పోయినేడు అమ్మిన మా సీసా కంటే."

"పోయినేడు దాంట్లో అంత నురగ ఎక్కడిది?"

కోడలు పక్క సీసాని వరసలోకి జరిపింది. పాత రకం ఆఖరి విడతలో నురగమందు కావాలనే ఎక్కువ పోయించారు. ముందు పెంచుకుంటే తర్వాత తగ్గించడం ఎంతసేపు? లెక్కలో తప్పు లేదు.

"ఈ గుండ్రటి ముద్ర ఏ శాఖ ఇచ్చింది?"

"శాఖ కాదు. మా ఆఫీసులో బొమ్మలు గీసే అమ్మాయి."

"బాగా గీసింది. నీళ్ళలో పూర్తిగా కరిగిపోతుందట, ఏ నీళ్ళలో?"

"ల్యాబులో, గోరువెచ్చటి నీళ్ళలో."

"అయితే నదిని పొయ్యి మీద పెడతారన్నమాట." అత్తగారు సీసాని ఇంకాస్త దగ్గరగా పట్టుకుంది. "మరి ఈ నేస్తం సంగతేంటి? దీనికి రుజువేది?"

"దానికి రుజువు అక్కర్లేదు. కొలిచే మాట కాదు కదా. మా లాయరు మిగతా అన్నిటికీ కాగితాలడిగాడు, దీన్ని చూడను కూడా లేదు."

అత్తగారు సీసాని ఉన్నచోటే పెట్టేసింది. "కొలిచే మాటలో అబద్ధమాడితే నాలాంటిది ఎవర్తో పట్టుకుంటుంది. కొలవలేని మాటకి పట్టుకునేవాళ్ళుండరు. నమ్మేవాళ్ళే ఉంటారు. ఎవరు నమ్ముతారో చూసుకో."

నమ్మింది నది.

వాడేసిన సీసాలు ఎక్కడికి పోతాయి? జనం కాలవల్లో పారేశారు, కాలవలు నదికి మోసుకెళ్ళాయి. ఖాళీ సీసా వెల్లకిలా తేలుతుంది, లేబులు పైకే ఉంటుంది. నది రోజూ చదువుకుంది. దాని వయసుకి ఎన్ని పడవలు చూసిందో, ఎన్ని శవాలు మోసిందో గానీ, నేస్తమని ఎవరూ రాతపూర్వకంగా అనలేదు. చీమంత అక్షరాలు కూడా వదలకుండా చదివింది. పేరు దొరికింది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున కోడలు బస్సుకని తలుపు తీస్తే, గేటు దగ్గర నది నిలబడి ఉంది. వీధి మలుపు నుంచి సన్నగా వచ్చి, గేటు బయటే ఆగిపోయింది. పిలవకుండా లోపలికి రావడానికి మొహమాటపడే చుట్టంలా ఉంది.

"మీ కోసమే అనుకుంటా," అన్నాడు పక్కింటాయన, చెప్పులు చేత్తో పట్టుకుని. "కాస్త ఇటు జరగమనండి, నా స్కూటరు తడుస్తోంది."

కోడలు గేటు తీసింది. మర్యాదకి తీసింది, అంతే. నది లోపలికొచ్చి ఆవిడ పాదాల దగ్గర చల్లగా చుట్టుకుంది.

తర్వాత రోజూ వచ్చేది. మొదట వరండా దాకా, తర్వాత హాల్లోకి. పోతూ పోతూ గుమ్మం ముందు ఏదో ఒకటి వదిలిపెట్టేది, చుట్టపుచూపుకి వచ్చినవాళ్ళు పిల్లల చేతిలో ఏదో పెట్టి వెళ్ళినట్టు: తెల్లకళ్ళ చేప ఒకటి, ఆకుపచ్చ మూతలు గుప్పెడు, ఇంకోరోజు ముక్కు ఊడిపోయిన కొంగ. కోడలు అన్నిటినీ చేటలోకి ఎత్తి అవతల పారబోసేది. వాసన మాత్రం కర్టెన్లకి పట్టేసింది. మే నెలాఖరుకి నది వెళ్ళడం మానేసింది. వీధంతా సర్దుకుంది. పాలామె గుమ్మం నుంచే పాలగిన్నె నీళ్ళ మీద వదిలేది, అది తేలుతూ వంటగదిలోకి వచ్చేది.

"ఇది నిన్ను చూడ్డానికి రావడం లేదమ్మాయ్," అంది అత్తగారు మంచం మీద కాళ్ళు ముడుచుకుని. కింద పెట్టినప్పుడల్లా నురగ తగిలి ఆవిడ మడమలు పగులుతున్నాయి. "ఉండిపోవడానికి వచ్చింది. అక్కడ దాని దారి ఎండిపోతోంది. నిజం చెప్పు, పోతుంది."

"మీరే చెప్పండి. మాటలు మీకు బాగా వచ్చు కదా."

"నేను చెబితే ఎందుకు వింటుంది? సీసా మీదున్నది నా పేరా?"

చెప్పాలనే అనుకుంది కోడలు. కానీ ఆ వారమే ఆఫీసులో పెద్దసారు ఆవిడని గదిలోకి పిలిచాడు. సంస్థలో ఆయనకి నవ్వులాయన అని పేరు. ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేటప్పుడు కూడా నవ్వుతూనే తీస్తాడు.

"నది మీ ఇంట్లో ఉందటగా. ఇన్నాళ్ళూ చెప్పకుండా దాచారేంటండీ?"

"దాచలేదు సార్. ఇంటి విషయం కదా అని."

"ఇంటి విషయమేంటి? ఇంతకంటే రుజువు ఎవడు తేగలడు? నదే నడిచొచ్చింది." ఫోటో తీసేవాళ్ళని పంపుతానన్నాడు. పర్యావరణ విభాగమని కొత్తగా పెడుతున్నామనీ, దానికి ఆవిడే అధిపతి అనీ, ఉత్తర్వు ఆగస్టు చివర్లో వస్తుందనీ అన్నాడు. "ఈలోపు నది అలిగి వెళ్ళిపోకుండా చూసుకోండి. వెళ్ళిపోతే ఇక ఏ మొహం పెట్టుకుని అమ్ముతాం? మీకూ నాకూ ఇద్దరికీ ఇబ్బందే."

ఇబ్బంది అన్న మాట దగ్గర ఆయన ఇంకాస్త నవ్వాడు. నిజం చెబితే నది పోతుంది, నదితో ఉద్యోగమూ పోతుంది. ఉద్యోగం పోతే అత్తా కోడలూ ఏం తింటారు? చెప్పకపోతే ఇల్లు ఇలా మునుగుతూనే ఉంటుంది. కోడలు తనకి తానే గడువు పెట్టుకుంది. ఉత్తర్వు చేతికి రానీ. ఆ మర్నాడే చెప్పేస్తా. ఉత్తర్వంటూ వచ్చాక అంత తేలిగ్గా తియ్యలేరు.

ఫోటోల వాళ్ళు వచ్చారు. సోఫాలో కోడలు, ఒళ్ళో తల పెట్టుకున్నట్టు నది. ఊళ్ళో ప్రతి మలుపులోనూ ఆ బొమ్మ వెలిసింది. కింద, "నది తానే ఎంచుకున్న ఇల్లు". జనం సీసాలు రెండేసి కొన్నారు. నది అది కూడా చూసింది కాబోలు, ఆ రోజు నుంచి కోడలు ఏ గదిలోకి వెళితే ఆ గదిలోకి వెంటబడేది. స్నానాల గది తలుపు వేసుకుంటే కింద సందులోంచి వేళ్ళలా లోపలికి పాకేది.

"ఉత్తర్వు ఎందుకిస్తున్నారో ఆలోచించావా?" అంది అత్తగారు ఒకరోజు. దగ్గు మధ్యలో అంది. ఆవిడకి ఈమధ్య దగ్గు పట్టుకుంది.

"పని బాగా చేశానని."

"ఎండిన నది దారి పక్క లారీలు ఆగుతున్నాయట. పాలామె చెప్పింది. లారీల్లో ఏముందో కనుక్కున్నావా?"

"అన్నిట్లోనూ తప్పే కనబడుతుంది మీకు."

"ముప్ఫయ్యేళ్ళు జీతమిచ్చింది దానికేగా. వెళ్ళి చూడు, పోయేదేముంది?"

కోడలు వెళ్ళలేదు. వెళ్ళి చూస్తే తెలిసిపోతుంది. తెలిశాక ఏదో ఒకటి చెయ్యాలి. ఈ రకం భయం చదువుకున్నవాళ్ళలోనే ఎక్కువ. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఓపిక.

ఆగస్టు ఆఖరు శుక్రవారం ఉత్తర్వు వచ్చింది, దాంతోపాటు వచ్చిన కాగితాల కట్ట మీద కూడా కోడలు సంతకాలు పెట్టేసింది. శనివారం పొద్దున, పాలు పొంగకముందే, కోడలు హాలు మధ్యలో నిలబడింది. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. మంచం మీద నుంచి అత్తగారు చూస్తోంది.

"నేను నీ నేస్తాన్ని కాను," అంది కోడలు. "ఆ మాట నేనే రాశాను. సీసాలు అమ్ముడుపోతాయని రాశాను. రాసిన రోజు నువ్వు ఎటు పారతావో కూడా నాకు తెలీదు. నువ్వు మోసేదంతా మేం పోసిందే."

నది కదల్లేదు. నురగ బుడగ ఒక్కటీ పగల్లేదు. తర్వాత నెమ్మదిగా ఆవిడ కాళ్ళని వదిలింది. ముందు వంటగదిలో నీళ్ళు తీశాయి, తర్వాత హాల్లో, తర్వాత వరండాలో. గేటు దాటి వీధి మలుపు తిరిగి, వచ్చినదారినే వెళ్ళిపోయింది. పక్కింటాయన స్కూటరు పక్కకి లాక్కుని దారిచ్చాడు.

అత్తగారు చాలా నెలల తర్వాత కాళ్ళు నేల మీద పెట్టింది. "ఉద్యోగం ఉంచుతారంటావా?" అంది. కోడలు ఆవిడ మడమలకి మందు రాస్తూ కూర్చుంది. ఇద్దరూ గచ్చు కడిగారు. కర్టెన్లు విప్పి ఎండేశారు.

సాయంత్రం నాలుగింటికి నది తిరిగొచ్చింది.

ఈసారి గేటు దగ్గర ఆగలేదు. దాని ఒంటినిండా ఎర్రమట్టి, కంకర, ఇటుకముక్కలు. ఎండిన దారినంతా కంపెనీ పూడ్చేసింది. కొత్త గిడ్డంగికి చదునుచేసి, పైన రోలరు కూడా తిప్పేసింది. పోవడానికి చోటు లేక నది తెలిసిన ఒక్క ఇంటికే వచ్చింది. అన్ని గదుల్లోకీ వెళ్ళింది, అత్తగారి మంచం కిందికి వెళ్ళింది, కోడలి కాళ్ళని మాత్రం తాకలేదు. ఆవిడ చుట్టూ చాపంత పొడి నేల వదిలి అక్కడే ఆగింది. ఆవిడ అడుగు వేస్తే ఆ పొడి నేల కూడా అడుగు వేసేది. రాత్రీ పగలూ అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఉద్యోగం ఉంచారు. నవ్వులాయనకి కోపమే రాలేదు. నది ఉందిగా, అన్నాడు.

వారం తర్వాత ఇంటి ముందు తవ్వకం మొదలైంది. గొట్టాలు వేసేవాళ్ళ మేస్త్రీ వరండాలో నిలబడి కాగితం అందించాడు.

"ఫ్యాక్టరీ మురుగునీళ్ళు నదిలోకి వదలచ్చని అనుమతి ఉందమ్మా, పాతదే. నది ఎక్కడుంటే అక్కడికి. ఇప్పుడిక్కడుంది కదా."

"ఇది మా ఇల్లు," అంది కోడలు.

"మున్సిపాలిటీ వాళ్ళు ఒడ్డు అని రాసుకున్నారు. ఒడ్డుని అమ్మడం, ఖాళీ చెయ్యడం కుదరదట. ఆ నీళ్ళ వల్ల నదికి హాని లేదని కింద పర్యావరణ విభాగం అధిపతిగా మీ సంతకమే ఉందిగా. నాకు తెలిసింది చెబుతున్నా, నన్ను తిట్టకండి."

అత్తగారు కాగితం లాక్కుని ముందూ వెనకా చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. చివరికి ఒళ్ళో పెట్టుకుని, దగ్గు ఆగాక, కోడలి వైపు చూడకుండా అంది: "ఎక్కడా తప్పు లేదమ్మాయ్."

గొట్టం కిటికీలోంచి లోపలికి వచ్చింది. హాలు మధ్య పొడి నేల మీద కోడలు నిలబడి ఉంది, చుట్టూ నది నిలబడి ఉంది. బయట ఎవరో సరే అని కేక వేశారు. పొడి నేల అంచులు లోపలికి జరగడం మొదలైంది.

గొట్టం మర తిప్పింది సెప్టెంబరు తొమ్మిది, మంగళవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలకు.