అరవకుండా వేసిన బంతి

డ్రిల్లు టీచరు గొంతు గురించి ఆ బడిలో తెలియనివాళ్లు లేరు. ఆటస్థలంలో ఆవిడ "పట్టు!" అని కేక వేస్తే మేడమీద లెక్కల మాస్టారి చేతిలో సుద్దముక్క జారిపోయేది. బంతి విసరడం, పట్టడం నేర్పాలంటే ఆ మాత్రం గొంతు ఉండాల్సిందేనని ఆవిడ గట్టి నమ్మకం.

కిందటి వారం ఆ నమ్మకం కాస్తా బెడిసికొట్టింది. మూడో తరగతిలో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల ఒకతె ఉంది. టీచరు "పట్టు!" అంటూ బంతి వేసింది. పిచ్చుక చేతులైతే చాచింది గానీ కళ్లు గట్టిగా మూసేసుకుంది. బంతి తిన్నగా వెళ్లి ముక్కుకు తగిలింది. గౌను మీద రక్తం చూసి టీచరుకు పైప్రాణాలు పైనే పోయాయి. దెబ్బ చిన్నదే, తొందరగానే మానింది. టీచరే తేరుకోలేదు. ఆనాటి నుంచి ఏ పిల్లకూ బంతి వేయడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. "మీలో మీరే వేసుకోండర్రా" అని గట్టు మీద కూర్చునేది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే సిగ్గు.

అలా కూర్చుని చూస్తుండగా ఒక సంగతి కంటపడింది. తోటిపిల్లలు మామూలుగా బంతి వేస్తే పిచ్చుక చక్కగా చూస్తోంది. ఎవరైనా టీచరును అనుకరిస్తూ "పట్టు!" అని అరిచారా, కళ్లు ఠక్కున మూతపడుతున్నాయి. పిల్ల బెదురంతా ఆ కేకకే. టీచరు తల పట్టుకుంది. ఇన్నాళ్లూ నేర్పుతున్నాననుకుని తను చేసిన నిర్వాకం ఇదన్నమాట!

ఇవాళ పిల్లలు ఆడుకుంటుండగా పిచ్చుక వాళ్లమ్మ మొహం గంటు పెట్టుకుని ఆటస్థలానికి వచ్చింది. కుట్టుపని మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది, మెడలో కొలత టేపు వేలాడుతోంది.

"మా పిల్లకి ఆటలూ వద్దు, గీటలూ వద్దండీ. ఆ పీరియడ్‌లో క్లాసులోనే కూర్చోబెట్టండి."

"మీ ఇష్టమేనమ్మా. కానీ మీ ఎదురుగా ఒక్కసారి బంతి వేస్తాను. చూసి అప్పుడు చెప్పండి."

"మళ్లీ మీరేనా!"

"నేనే" అంది టీచరు.

"వేయండి టీచర్, నేను పట్టుకుంటా" అంది పిచ్చుక, అమ్మ వంక చూడకుండానే.

పాత మేజోళ్లు చుట్టి తనే కుట్టిన మెత్తటి బంతిని టీచరు చేతిలోకి తీసుకుంది. నోటిదాకా వచ్చిన కేకను మింగేసి, కింది నుంచి మెల్లగా వేసింది. పిచ్చుక కళ్లు పత్తికాయల్లా విప్పుకుని, బంతి వచ్చేదాకా చూసి, రెండు చేతులతో ఒడిసి పట్టుకుంది.

అమ్మయ్య! వారం రోజులుగా గుండెల మీదున్న బరువు దిగిపోయి టీచరుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చూశారా అన్నట్టు తల్లి వైపు తిరిగింది.

ఆవిడ టేపును రెండు గుప్పిళ్లతో బిగించి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది.

"అమ్మా! కళ్లు మూసుకుంటే ఎలా? బంతినే చూడాలి" అని కోప్పడింది పిచ్చుక.

తల్లి ఒక కన్ను తెరిచింది. పిల్ల ముక్కు చూసింది, చేతుల్లో బంతి చూసింది. రెండో కన్నూ తెరిచింది. మొహంలోని కోపం ఎటు పోయిందో ఏమో.

"నేను చూడలేదు టీచర్" అంది. "ఇంకోసారి వేయండి."