ఎడమచేతి కొయ్యగరిటె

మరిగే నీటిలో టమాటాల తొక్క చిట్లగానే వంటాయన వాటిని చల్లనీళ్లలోకి దించి, ఒక్కొక్కటిగా ఒలవసాగాడు. తెల్లవారినప్పటి నుంచి ఎడమ భుజం పీకుతూనే ఉంది. పదకొండేళ్లుగా ఆ చేత్తోనే గరిటె తిప్పుతున్నవాడికి అది వింతగా తోచలేదు.

పెద్దమ్మగారు మధ్యాహ్నం తినేది ఒక్కటే: ఇటలీ పద్ధతిలో, టమాటా సాసులో గంటన్నర మగ్గిన కోడిమాంసం. భర్త విదేశాలలో మరిగి వచ్చిన రుచి అది. ఆయన పోయాక ఆవిడ దానిని వదలలేదు, వంటాయననూ వదలలేదు. అందుకు అతడూ కొంత బాధ్యుడే. చేరిన తొలి వారంలోనే, తన స్థానంలోకి మరొకరు రాకూడదని, సాసు మొదలుపెట్టేటప్పుడు పది నిమిషాలు వంటగదికి లోపల గడియ పెట్టుకోవడం అలవాటు చేశాడు. ఆ గడియ చివరకు అతనికే పడింది. తల్లిలా పెంచిన అక్క మంచాన పడి రెండుసార్లు కబురు పంపినా, "నువ్వెళితే నేనేం తినాలోయ్?" అన్న ఒక్క మాటతో సెలవు ఆగిపోయింది.

నిన్న మూడో కబురు వచ్చింది. ఈ రోజు అతడు తలుపు బార్లా తెరిచి, ఆ ఇంటి కోడలిని పొయ్యి దగ్గర నిలబెట్టాడు. ఆమె వంట అత్తగారి నాలుకను దాటితే, అతడు సాయంత్రం రైలెక్కవచ్చు. అది వారిద్దరి ఒప్పందం.

"ఇంతకీ ఆ బ్రహ్మరహస్యం ఏంటి బాబాయ్? మంత్రమా?"

అతడు జేబులోంచి ఒక క్యారెట్ తీశాడు. "ఇదేనమ్మా. సన్నగా తురిమి, ఉల్లిపాయతో కలిపి ఆలివ్ నూనెలో మెత్తబడేదాకా వేయించాలి. టమాటా పులుపు విరుగుతుంది."

"క్యారెట్టా! దీనికా ఇన్నేళ్లు తలుపేసుకున్నావు?"

ఆమె పగలబడి నవ్వింది. అతడూ నవ్వాడు గాని చెవులు ఎర్రబడ్డాయి.

మాంసం ముక్కలు దోరగా వేగాయి. వెల్లుల్లి, చిదిమిన టమాటాలు, చివర తులసిని పోలిన బేసిల్ ఆకులు పడ్డాయి. అడుగు గీకబోయి ఆమె కొయ్యగరిటెను తిప్పి చూసింది. దాని అంచు ఒకవైపే ఏటవాలుగా అరిగిపోయి ఉంది.

"ఇది నా చేతికి కుదరట్లేదు, బాబాయ్."

"నా ఎడమచేతికి మరిగిందమ్మా అది. మీరు కొత్తది తీసుకోండి."

మధ్యాహ్నం కోడలు పళ్లెం పట్టుకెళ్లింది. వంటాయన సంచి పక్కన పెట్టుకుని ముక్కాలిపీట మీద కూర్చుని, బూట్లు తొడుక్కుంటూ, తెరిచిన తలుపులోంచి చెవి వేశాడు. చెంచా చప్పుడు. తరువాత పెద్దమ్మగారి గొంతు:

"ఈ వేళ ఉప్పు సరిగ్గా వేశాడే! రోజూ ఏం రోగం వీడికి?"

కోడలి నవ్వు వినిపించింది. అంటే, ఎప్పుడైనా వెళ్లగలిగేవాడన్నమాట. పదకొండేళ్లు తనను కట్టి ఉంచినది ఒక్క క్యారెట్! అతడు వంగి రెండో బూటు లేసు అందుకున్నాడు.

"అత్తయ్యకి చెప్పేశాను బాబాయ్, నువ్వు బయల్దేరు," అంటూ కోడలు వచ్చేసరికి అతడు గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒక బూటు కట్టి ఉంది. రెండోదాని లేసు వేళ్ల మధ్య వదులుగా వేలాడుతోంది. ఆమె భుజం తట్టినా, తెరిచి ఉన్న కళ్లలో రెప్ప కదలలేదు.

"ఆదివారానికల్లా వచ్చెయ్యమని చెప్పు!" అని లోపలినుంచి పెద్దమ్మగారు కేకేశారు.

పొయ్యి గట్టు మీద, అరిగిన అంచు పైకి తిరిగి, కొయ్యగరిటె మీది ఎర్రటి తడి మెల్లగా ఆరుతోంది.