హాజరు పిలవని సోమవారం

ఆ సోమవారం పొద్దున హాజరు పిలుపు రాలేదు.

ప్రవీణ స్టాఫ్ రూములో కిటికీ పక్కన కూర్చుని ఫోను చూసుకుంది. ప్రార్థన గంటకు ఇంకా వ్యవధి ఉంది. రోజూ ఈపాటికి గ్రూపులో పేర్లు ఒక్కొక్కటే వచ్చేవి. నిఖిల్. ప్రెజెంట్ టీచర్. సమత. ప్రెజెంట్ టీచర్. తర్వాత ఎలీషా. ఆ పేరు రాగానే ఆమె ఫోను సంచిలో వేసుకుని క్లాసుకు వెళ్లేది. ఇవాళ తెర మీద ఏమీ లేదు.

ఎలీషా ఆమె తమ్ముడు. పోయిన వానకాలం జ్వరంతో దవాఖానలో చేరాడు, తిరిగి రాలేదు. అంతకు ముందు మొయినాబాద్‌లో ఒక ఎరువుల దుకాణం పైగది కిరాయికి తీసుకుని, కాలేజీ స్నేహితులు నిఖిల్, సమతలతో కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపేవాడు. వాళ్లు మాట్లాడుకునే చాట్ సాఫ్ట్‌వేర్‌కు ఎవరికి తోచిన తోక వాళ్లు తగిలించుకోవచ్చు. ఆ తోకలనే ప్లగిన్‌లంటారు. సగం రోజు కస్టమర్ల పని, మిగతా సగం తోకల పని.

ఎవరైనా ‘బయల్దేరిన’ అని రాస్తే, ఫోను ఎక్కడుందో చూసి, ‘అబద్ధం, ఇంక హిమాయత్‌నగర్‌ల మంచం మీదనే ఉన్నడు’ అని అందరికీ చాటే ప్లగిన్ ఒకటి ఉండేది. దాని దెబ్బకు నిఖిల్ తన ఫోనును ముందు ఆటోలో పంపించి, తాను తర్వాతి ఆటోలో రావడం నేర్చుకున్నాడు. బంధువులు పొద్దున్నే పంపే గులాబీ బొమ్మలన్నీ పోగుచేసి, ఆదివారం నాడు దండ గుచ్చి, పంపినవాళ్ల ఫోటోకే వేసే ప్లగిన్ ఇంకొకటి. సమత పెదనాన్న బాలకిషన్ తన ఫోటోకు దండ చూసుకుని, “నేనింక బతికే ఉన్న బిడ్డా” అని ఫోను చేశాక దాన్ని ఆపేశారు.

హాజరు ప్లగిన్ మాత్రం ఎలీషా తన అక్క కోసమే రాశాడు. ప్రవీణ చేవెళ్ల హైస్కూల్లో లెక్కల టీచరు. ఆ ప్లగిన్ అచ్చం ఆమె మాటతీరులోనే పేర్లు పిలిచేది. జవాబు రాకపోతే ‘రేపు మీ బాపును తోల్కరా’ అనేది. ఒకరి బదులు ఇంకొకరు పలికితే, ‘దొంగ హాజరు, బయట నిలబడు’ అని భోజనం వేళదాకా గ్రూపులోంచి గెంటేసేది. కాలేజీలో అందరికీ ప్రాక్సీ చెప్పి ఒక్కసారీ పట్టుబడని మనిషి రాసింది కాబట్టి, అందులో తప్పించుకునే సందే లేదు. రాసి, అక్కను కూడా గ్రూపులో చేర్చి, పేరు పక్కన ‘ఇన్‌స్పెక్షన్ మేడం’ అని పెట్టాడు.

అతను పోయాక కూడా అది అతని పేరు పిలుస్తూనే ఉంది. ఈ సోమవారం దాకా.

మంగళవారం కూడా పిలుపు రాలేదు. బుధవారం బడి వదిలాక ప్రవీణ బస్సెక్కి మొయినాబాద్‌లో దిగింది. ఎరువుల దుకాణం మెట్లెక్కుతూ, ఏమని అడగాలో ఒకటికి రెండుసార్లు అనుకుంది.

“మా బడిల ప్రింటర్ సతాయిస్తున్నదిరా,” అంది గదిలోకి రాగానే.

“తెచ్చినవా అక్క?” అన్నాడు నిఖిల్ లేచి నిలబడి.

“బడిల ఉన్నది.”

“మరి ఎట్ల బాగుచెయ్యాలె?”

“చెప్పిపోదామని వచ్చిన.”

సమత కుర్చీ లాగింది. “ముందుగాల కూసో అక్క. వీనికి అన్ని సవాళ్లే.”

చాయ్ వచ్చింది. ప్రవీణ సగం తాగి, గ్లాసు కింద పెట్టి, పెద్దగా పట్టనట్టు అడిగింది. “పొద్దుగాల హాజరు బంద్ అయినట్టున్నది?”

నిఖిల్ కంప్యూటర్ వైపు తిరిగాడు. “కొత్త వర్షన్ వచ్చిందక్క. పాత ప్లగిన్‌లు నడుస్తలేవు.”

“టీచర్ ముంగట అబద్ధమెందుకురా,” అంది సమత.

“అయితె నువ్వే చెప్పు.”

“మేమే బంద్ పెట్టినం అక్క. లాగ్ చూసినం.”

“లాగ్ అంటే?”

“ఎవరు ఎప్పుడు తెరిచిన్రు, ఏడిదాక చదివిన్రు, అది అన్ని రాసుకుంటది. నువ్వు దినాం తెరుస్తున్నవ్. ఎలీషా పేరు రాంగనే మూసేస్తున్నవ్. ఒక్కనాడు గూడ దాని తర్వాత చదవలేదు.”

“మా పనిల గట్లనే చూస్తం అక్క,” అన్నాడు నిఖిల్, ఇటు తిరగకుండానే. “మనిషి ఏడ మూసేస్తడో ఆడ తప్పున్నట్టు. ఆడ ఏదో బాధ పెడుతున్నట్టు. తప్పున్నదాన్ని తీసేస్తం.”

ప్రవీణ అతని వైపు చూసింది. పిల్లవాడు లెక్కంతా సరిగ్గా చేసి చివర జవాబు తప్పు రాసినప్పుడు ఆమె అలాగే చూస్తుంది.

“నేను తెరిచేదే ఆడిదాక చూసేటందుకురా,” అంది.

కింద దుకాణంలో బస్తాలు దించుతున్న చప్పుడు వినిపించింది.

“లాగ్‌ల అది రాదా?” అని అడిగింది ప్రవీణ.

“రాదక్క,” అంది సమత.

“అయితె మళ్ల పెట్టండి.”

“పెడ్తం. గని దాని తర్వాత ఏమైతున్నదో నీకు తెల్వదు,” అంటూ నిఖిల్ తెరను ఆమె వైపు తిప్పాడు. పాత మాటలు వరసగా ఉన్నాయి. ‘ఎలీషా ప్రెజెంట్’ అని నిఖిల్ రాశాడు. దొంగ హాజరు, బయట నిలబడు. మరునాడు అదే మాట సమత రాసింది. దొంగ హాజరు, బయట నిలబడు. ఆ మరునాడు మళ్లీ నిఖిల్.

“దినాం ఇదేనా?”

“వంతులేసుకున్నం,” అంది సమత. “షాబాద్ కస్టమర్ గ్రూపులకొచ్చిన నాడు వీని వంతు. ఆయన వీన్నే అడుగుతున్నడు. వీడు బయట. ఆయన అడిగింది నేను వీనికి చదివి చెప్పాలె, వీడు చెప్పింది నేను టైప్ కొట్టాలె. ఆయనేమో, మీ నిఖిల్ సారుకు నామీద కోపమా అంటడు.”

ప్రవీణకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

“పట్టుబడ్తరని తెల్సి ఎందుకు చెప్పుడురా?”

“కాలేజిల వాడు మాకందరికి ప్రాక్సీ చెప్పిండు కదక్క,” అన్నాడు నిఖిల్.

ఆమె చాయ్ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుంది. అది చల్లారిపోయింది. అయినా తాగింది.

“ఇగ చెప్పకండి,” అంది. “రాని పిల్లగానికి రాలేదనే రాయాలె. బడిల నేను గట్లనే రాస్త. పేరు మాత్రం పిలవాలె. జర సేపు ఆగి, ఆబ్సెంట్ వేసి, ముంగటికి పోనియ్యండి.”

“ఎప్పటిదాక అక్క?”

“నేను చెప్పేదాక.”

సమత కీబోర్డు దగ్గరకు లాక్కుంది. కాసేపు టైపు చేసి, “ఇంకో పేరు గూడ చేర్చిన,” అంది.

“ఎవరిది?”

“నీదే. ఇన్‌స్పెక్షన్ అని ఊకె చూసి పోవుడు నడవదు. ఎలీషా తర్వాత నువ్వు.”

“నాకేం హాజరే పిల్లా, ఈ వయసుల?”

“అందరికి ఒక్కటే రూల్. నువ్వే అంటవ్ కద.”

ప్రవీణ వద్దనలేదు. చీకటి పడకముందే నిఖిల్ బండి మీద ఆమెను బస్‌స్టాప్ దాకా దింపి వచ్చాడు.

మరునాటి నుంచి హాజరు మళ్లీ నడుస్తోంది. ఎలీషా అని పిలుస్తుంది, కాసేపు ఆగుతుంది, ఆబ్సెంట్ వేస్తుంది. తర్వాత ప్రవీణ అని పిలుస్తుంది. ఇప్పుడామె ఫోను మూయడం లేదు. తన పేరు దాకా చదువుతోంది. బాపును తోల్కరమ్మని తమ్ముడు రాసిపెట్టిన చీవాట్లు రోజూ తింటోంది.

జవాబు మాత్రం ఇంకా ఇవ్వలేదు.