రాయికి అంటిన గూళ్లు

స్తుదెన్కా వాగు చచ్చిపోయిందని కరెంటు కంపెనీ తరఫు పురుగుల శాస్త్రవేత్త డాక్టర్ ఆల్దిన్ రిపోర్టు రాశాడు. చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే. వలలో మురికిలో బతికే ఎర్ర పురుగులు తప్ప ఏమీ పడలేదట, కాబట్టి నీళ్లన్నీ గొట్టాల్లోకి మళ్లించి కరెంటు తీసుకున్నా ఎవరికీ నష్టం లేదట. ఆయన వల వేసింది ఎక్కడ? కంకర లారీలు వాగు దాటే చోట, మోకాటి లోతు బురదలో. అక్కడ ఎర్ర పురుగులు కాక ఇంకేముంటాయి?

ఆ రిపోర్టు చదివి రసేమాకు ఒళ్లు మండింది. గాలాలవాళ్లకు చేపల ఎర కోసం ఈకలతో, దారంతో ఉత్తుత్తి ఈగలు కట్టివ్వడం ముప్పై ఏళ్లుగా ఆమె పని. ఈగ కట్టాలంటే ముందు నీళ్లలో దాని పిల్లను చూడాలి. అందుకే ఈ వాగులో ఏ రాయి కింద ఎవరి కాపురం ఉందో ఆమెకు తెలుసు. ఊరి ఆడవాళ్లు నలభై రోజులు వంతెన మీద బైఠాయించి కంపెనీ యంత్రాలను ఆపితే, చివరికి దక్కింది ఒక్కటే: అందరి ఎదుటా మళ్లీ ఒక పరీక్ష. పట్నం నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వాగు బతికుందని ఆయన రాస్తే పని ఆగుతుంది, లేదంటే రేపే యంత్రాలు దిగుతాయి.

డాక్టర్ మళ్లీ లారీల రేవు వైపే నడిచాడు. రసేమా నీళ్లలోకి దిగి అడ్డం నిలబడింది.

"అక్కడ కాదు డాక్టరు గారూ. రాళ్లున్న చోటికి రండి."

"ఎక్కడ తియ్యాలో మాకు తెలుసమ్మా. నువ్వెళ్లి ఈకలు కట్టుకో."

"కట్టుకుంటాలెండి. ముందు మీరు బూట్లు తడుపుకోండి."

వంతెన మీద ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఇన్‌స్పెక్టరు కూడా రాళ్ల వైపే చెయ్యి చూపించాడు.

డాక్టర్ వల అడ్డం పెట్టి, దానికి ఎగువన రాళ్లను కాలితో కదిపాడు. వలలో పడ్డదంతా తెల్ల పళ్లెంలో దులిపాడు. రెండు తోకల రాతి ఈగ పిల్లలు బిలబిలమంటూ పరుగెత్తాయి. నీళ్లకు మురికి తగిలితే బతకని జాతి అది. వాటి మధ్య బొటనవేలంత నల్లటి పురుగు ఒకటి కదిలింది.

రసేమా వంగి చూసింది. అది కొండ అవతలి ఊటలో ఉండే రకం. ఈ వాగులో ముప్పై ఏళ్లలో ఒక్కటీ కనబడలేదు. ఒడ్డు మీదున్న మరిది వెహ్‌బియా వైపు చూసింది. అతని పంట్లాం మోకాళ్ల దాకా తడిసి ఉంది, చంకలో ఊరగాయ సీసా ఉంది. అతను మబ్బుల్ని లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు.

నోరు మూసుకుంటే, ఆ అరుదైన పురుగు లెక్కతో వాగుకు మొదటి తరగతి నీళ్లన్న పేరు దక్కుతుంది. డాక్టర్‌కు అనుమానమే లేదు, రాసుకుంటున్నాడు. కానీ ఆయన అబద్ధాన్ని కడగడానికి ఇంకో అబద్ధమా? ఆమెకు సిగ్గేసింది, సిగ్గును మించి కోపమొచ్చింది.

"దీన్ని లెక్కలోంచి తీసెయ్యండి. మా వాగుది కాదు. మా మరిది తెచ్చి వేశాడు."

"పొద్దున్నే ఓ నాలుగు వేశానొదినా," అని నసిగాడు వెహ్‌బియా. "వాగు కోసమే కదా!"

"కొంప ముంచావు కదయ్యా!"

డాక్టర్ ఎగిరి గంతేశాడు. "విన్నారా సార్? అంతా దొంగ సరుకే!"

రసేమా నల్లదాన్ని మరిది సీసాలోకి వదిలి, మిగతాదంతా వాగులో పారబోసింది. తర్వాత వంగి రెండు చేతులా ఒక బండరాయిని తిరగేసింది. దాని అడుగున ఇసుకరేణువులతో, గులకలతో కట్టిన చిన్న చిన్న గూళ్లు బారులు తీరి అంటుకుని ఉన్నాయి. శుభ్రమైన నీళ్లలోనే బతికే ఇంకో రకం పురుగు రెక్కలొచ్చే ముందు అలా గూడు కట్టి, రాయికి అతికించి, తలుపు మూసుకుని లోపల వారాల తరబడి ఉంటుంది. పాత గూళ్ల మీద నాచు కూడా పట్టింది.

"ఇవి కూడా మా మరిదే అంటించాడా? లాగండి చూద్దాం."

డాక్టర్ ఒక పాత గూటిని గోటితో గీకాడు. గోరు విరిగింది.

"ఒక్క రాయేగా," అని గొణిగాడు.

ఇన్‌స్పెక్టరు మేజోళ్లు విప్పి నీళ్లలో దిగాడు. "ఏ రాయి తియ్యమంటావమ్మా?"

"నన్నడక్కండి సార్. మీకు నచ్చింది తియ్యండి."

ఆయన అక్కడొకటి, ఇక్కడొకటిగా ఏడు రాళ్లు తిరగేశాడు. ఏడింటి కిందా గూళ్లే. పాదాలు ఎర్రబడుతున్నా నీళ్లలోనే నిలబడి రాశాడు: వాగు బతికే ఉంది, పని ఆపాలి.

"నేను సంతకం పెట్టను," అన్నాడు డాక్టర్.

"నాది చాలు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చాలదు," అంది రసేమా. "చచ్చిందని రాసిన చేత్తోనే బతికుందని రాయాలి. అందాకా నేను నీళ్లలోంచి రాను."

వంతెన మీది ఆడవాళ్లు కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఒక్కొక్కరే దిగి వచ్చారు. మంచులాంటి నీళ్లలో ఆమె పక్కన నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. డాక్టర్ ఇటు చూశాడు, అటు చూశాడు. చివరికి కలం ఇమ్మని చెయ్యి చాపాడు.