నయమయ్యేదాకా

కోడుమూరు బస్టాండు వెనక వీధిలో ఇమాం బాషాకు పరుపులు కుట్టే దుకాణం ఉంది. దుకాణం వెనకే ఇల్లు. ఒక్కగానొక్క కూతురికి పెళ్లి చేసి ఆదోని పంపాక ఆ ఇంట్లో అతనూ, భార్య బషీరాబీ మిగిలారు. కర్నూలు బాలసదనానికి పరుపులు కావాలని ఒకసారి కృపమణి అనే ఆఫీసరు వచ్చింది. బషీరాబీ ఇచ్చిన టీ తాగుతూ మాటల్లో చెప్పింది.

"కొందరు పిల్లలకు తల్లో తండ్రో ఉన్నా, ఏదో కష్టమొచ్చి కొంతకాలం చూసుకోలేరమ్మా. అట్లాంటి పిల్లల్ని ఇంట్లో పెట్టుకొని చూసేవాళ్లు మాకు కావాల. దత్తత కాదు. మళ్లీ పంపించెయ్యాల. అది చేతనైనోళ్లే దొరకరు."

"పంపేదేముండాది మేడమ్, కూతుర్నే పంపినా" అంది బషీరాబీ.

అలా వచ్చింది శిరీన్. ఆరేళ్ల పిల్ల. తండ్రి మేస్త్రీ పనికి పోయి గోడ కూలి చనిపోయాడు. ఆ తర్వాత తల్లి హుసేన్‌బీకి మనసు చెదిరింది. పిల్లను గదిలో పెట్టి తాళం వేసి, తాను కర్నూలు వీధుల్లో తిరుగుతూ ఉండేది. చుట్టుపక్కలవాళ్లు తాళం పగలగొట్టేసరికి పిల్లకు ఏడ్చే ఓపిక కూడా లేదు. తల్లిని ఆసుపత్రిలో చేర్చారు. పిల్లను ఇక్కడికి తెచ్చారు.

శిరీన్ తలుపు మూస్తే ఒప్పుకునేది కాదు. గడియ చప్పుడు వింటే చాలు, గోడకు అతుక్కుపోయేది. ఇమాం బాషా స్క్రూ డ్రైవరు తెచ్చి ఇంట్లో గడియలన్నీ ఊడదీశాడు. చలికాలమంతా వీధి తలుపు బార్లా తెరిచి, గుమ్మానికి అడ్డంగా పరుపేసుకుని పడుకున్నాడు. ఒకరోజు కుక్క లోపలికొచ్చి కోడికూర గిన్నె ఈడ్చుకుపోతే, "దానికీ ఆకలుండాది లే" అన్నాడు తప్ప తలుపు మాట ఎత్తలేదు. ఎండాకాలం వచ్చాక ఒక సాయంత్రం ఆ పిల్లే అంది, "దోమలొస్తాండాయి, తలుపు మూయి పెద్దమ్మా" అని. బషీరాబీ తలుపు దగ్గరగా వేసి, అక్కడే కాసేపు నిలబడిపోయింది.

పెద్దమ్మా అనే పిలుపు బషీరాబీ నేర్పిందే. వచ్చిన కొత్తలో తల దువ్వించుకుంటూ శిరీన్ అడిగింది.

"నిన్ను అమ్మా అని పిలవనా?"

దువ్వెన ఆగింది. ఆ మాట ఎంత కావాలనిపించిందో బషీరాబీకే తెలుసు.

"మీ అమ్మ ఉండాది కదా బంగారు. నేను ఆమెకంటే పెద్దదాన్ని. పెద్దమ్మా అను" అని, జడలో చిక్కుకున్న దూది ఏరుతూ ఉండిపోయింది.

హుసేన్‌బీ కాస్త కోలుకున్నాక, ఆమెకు చూపించడానికి బషీరాబీ పిల్లను తరచుగా కర్నూలు తీసుకుపోయేది. మొదటిసారి శిరీన్ పెద్దమ్మ వెనక దాక్కుని తలెత్తలేదు. తిరుగు బస్సులో, "మా అమ్మ చెడ్డది" అంది.

"మొన్న జ్వరమొచ్చినప్పుడు మందు పోస్తాంటే నా చెయ్యి కొరికినావు. నువ్వు చెడ్డదానివా?"

"నాకు తెలీలేదు అప్పుడు."

"మీ అమ్మకూ తెలీలేదు. ఆమెకు జ్వరం లోపల వచ్చింది. బయటికి కనపడదు."

పిల్ల కిటికీలోంచి చాలాసేపు చూసి, "తగ్గతాదా?" అని అడిగింది.

"తగ్గతాది" అంది బషీరాబీ. తగ్గితే పిల్ల వెళ్లిపోతుందని ఆ మాట అన్నాకే తోచింది.

ఆమె మాట నిజమైంది. హుసేన్‌బీ మందులు మానకుండా వాడింది. ఒక హోటల్లో రొట్టెలు చేసే పనికి కుదిరింది. కర్నూలు పాతబస్తీలో తన అన్న ఇంటి పక్కనే గది తీసుకుంది. ఒకసారి బషీరాబీ, "చీకటంటే బయపడతాది, చిన్న లైటు పెట్టమ్మా. అన్నంలో పెరుగు ముందే కలపొద్దు, తినదు" అని చెప్పబోతే, హుసేన్‌బీ ముఖం మాడ్చుకుంది.

"నా బిడ్డ సంగతి నాకే చెప్తాండావా?"

"తప్పే, నీకు తెలీకుండా ఉంటాదా" అని బషీరాబీ ఊరుకుంది. బస్టాండుకు వచ్చాక ముఖం కడుక్కుంది.

చివరికి కర్నూలులో పిల్లల సంక్షేమ కమిటీ ముందు అందరినీ కూర్చోబెట్టారు. కమిటీలోని పెద్దావిడ మెల్లగా అడిగింది, "ఎవరి దగ్గరుంటావమ్మా?"

"పెద్దమ్మ దగ్గర" అంది శిరీన్, ఆలోచించకుండా.

హుసేన్‌బీ తల వంచుకుంది. పిల్ల కోసం కుట్టించి తెచ్చిన గౌను ఒళ్లో ఉంది. దాని అంచు వేళ్లతో నలుపుతూ కూర్చుంది, ఏడవలేదు. ఏడిస్తే మళ్లీ పిచ్చి అనుకుంటారని భయం కాబోలు.

కృపమణి బషీరాబీ చెవి దగ్గరికొచ్చింది. "మీరు సరే అంటే ఇంకో ఏడాది పొడిగిస్తారమ్మా. పిల్ల కూడా అడుగుతాంది కదా."

బషీరాబీ హుసేన్‌బీ వేళ్లకేసి చూసింది. ఈ ఏడాది కూడా బిడ్డ దూరమైతే ఆ మనిషి మళ్లీ నిలబడదనిపించింది. పిల్లకు తల్లి మళ్లీ పోతుందనీ అనిపించింది. శిరీన్ చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకుపోయి, పిల్ల ఎదురుగా కూర్చుంది.

"మీ అమ్మకు నయమైంది బంగారు. నీకోసరమే శానా కష్టపడి నయం చేసుకుంది. ఆమెతో పోవాల."

"నువ్వు రావా?"

"నేను రాను. మీ అమ్మకు నయమయ్యేదాకా నిన్ను చూసుకునేదాన్ని నేను."

పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. "అయిపోయిందా చూసుకునేది?"

బషీరాబీ నోరు తెరిచింది. అయిపోదు, బతికినన్ని రోజులూ అయిపోదు అని చెప్పాలి. చెబితే ఆ పిల్ల మెడ చుట్టేస్తుంది. ఒకసారి చుట్టేస్తే ఆ పట్టు విడిపించడం తనవల్ల కాదు. "నువ్వంటే నాకు..." అనేలోపే శిరీన్ తన చెయ్యి లాక్కుంది. గదిలోకి పోయి తల్లి పక్క కుర్చీలో కూర్చుంది. మళ్లీ ఇటు చూడలేదు. వాళ్లు ఆటో ఎక్కేటప్పుడు కూడా చూడలేదు.

వారం వారం ఫోన్ చేస్తే హుసేన్‌బీ ఎత్తి, "మాట్లాడనంటాంది అక్కా" అనేది. ఆ గొంతులో పాత కోపం లేదు, మొహమాటం ఉంది. ఇంట్లో ఇమాం బాషా గడియలు మళ్లీ బిగిస్తానంటే బషీరాబీ వద్దంది. అతను స్క్రూ డ్రైవరు మళ్లీ డబ్బాలో వేశాడు.

రంజాన్ అయ్యాక ఇద్దరూ కర్నూలు పోయారు. ఇమాం బాషా దూది మండీలో ఆగాడు. బషీరాబీ ఒక్కతే పాతబస్తీ సందులో ఆ గది వెతుక్కుని తలుపు తట్టింది. హుసేన్‌బీ చూసి, గబగబా చాప పరిచింది. టీ పెట్టింది.

"నువ్వొస్తాండావని చెప్పేసరికి మిద్దెక్కింది అక్కా. దిగనంటాంది. ఏమనుకోవద్దు."

"ఏమనుకుంటా, చిన్నపిల్ల."

హుసేన్‌బీ టీ గ్లాసు ఆమె చేతికిచ్చి, పక్కన కూర్చుంది. "నా కొంగు పట్టుకోనిదే నిద్రపోదు ఇప్పుడు. లైటు పెట్టినా. పెరుగు వేరేగా పెడతాండా." కొంగు సర్దుకుని అంది, "ఆ రోజు నువ్వు పంపకపోయింటే నేను బతికేదాన్ని కాదక్కా. ఆ సంగతి దానికెట్ల చెప్పాలో తెలీడంలేదు."

"చెప్పొద్దు. ఇప్పుడే దానికి ఆ బరువెందుకు?"

మిద్దె మీద పిల్లలు అష్టాచెమ్మా ఆడుతున్నట్టున్నారు. ఎవరో తొండి చేశారని గోల. ఆ గోలలోంచి శిరీన్ గొంతు పైకి లేచింది, తర్వాత పగలబడి నవ్వింది. బషీరాబీ గ్లాసు పట్టుకుని కదలకుండా వింది. టీ చల్లారిపోయింది. తెచ్చిన గాజుల పొట్లం చాప మీద పెట్టి, "నాలుగు రోజులయ్యాక ఇయ్యి. ఎవరు తెచ్చినారో చెప్పొద్దులే" అని లేచింది.

బస్టాండులో ఇమాం బాషా సీటు పట్టుకుని ఉన్నాడు.

"చూసినావా?"

"లేదు. నగుతాంటే విన్నా."

"బాగుండాదా?"

"శానా బాగుండాది" అంది బషీరాబీ. బస్సు ఊరు దాటేదాకా ఆగింది. జొన్న కోసిన మోడుచేలు మొదలయ్యాక, భర్త భుజం మీద తల పెట్టి, పక్కన జనం చూస్తున్నా పట్టించుకోకుండా, కోడుమూరు వచ్చేదాకా ఏడ్చింది.